ప్రాంతీయ జీవితం: ప్రదర్శనా? పరిచయమా?

"మీ ప్రాంతం ప్రత్యేకత ఏమిటి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పటం తేలికని చాలాకాలం అనుకున్నాను. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో ఉంటూ, బడిలో తెలుగు చెప్పుకుంటూ, అప్పుడప్పుడు కథల మీద నాలుగు మాటలు రాసుకునే నాకు ఆ జవాబు కంఠతా వచ్చు. రాగిసంగటి, ఊరిబిండి, పితికిపప్పు, మొగిలి గుడి, గంగజాతర, ద్రౌపదమ్మ భారతం, తోతాపురి మామిడి. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య సభ కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మిత్రులకు ఈ జాబితానే ఒక్క పూటలో తిప్పి చూపించాను. సంగటి ముద్ద చూసి మురిసిపోయారు. మొగిలి కనుమ దగ్గర ఫొటోలు దిగారు. తిరిగి వస్తుంటే మామిడి మండీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన కారు అద్దం దించి అడిగారు: "మేష్టారూ, ఈ కాయకు ధర కట్టేది ఎవరండీ?"

నా దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకున్నాను.

ఆ పూటంతా మా ప్రాంతాన్ని గురించి ఎవరైనా అడిగిన అసలు ప్రశ్న అదొక్కటే. నేను చూపించినవన్నీ నిజమే. కాని వాటిని ఒకదానితో ఒకటి ముడివేసి ఉంచే బతుకును నేను చూపించలేదు. బయటివాళ్లకు తమ ప్రాంతాన్ని చెప్పబూనే రచయితలు చాలామంది చేస్తున్న పని కూడా ఇదే. ప్రాంతాన్ని వస్తువుల జాబితాగా చూపే రచన ప్రదర్శన. ఆ వస్తువుల వెనక ఉన్న శ్రమను, సంబంధాలను, తగాదాలను చెప్పే రచన పరిచయం. మొదటిదానికి పాఠకుడు గిరాకీ; రెండోదానికి పాఠకుడు చుట్టం. ఈ తేడా రచయిత దృక్పథానికి సంబంధించినదే గాని శైలికి సంబంధించినది కాదని నా వాదన.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ప్రత్యేకత అంటే మరెక్కడా లేనిది అనుకుంటాం. బంగారుపాళ్యం మద్రాసు–బెంగుళూరు పాత రహదారి మీద, చిత్తూరుకూ పలమనేరుకూ నడుమ ఉంది. మొగిలి కనుమ ఎక్కితే మైసూరు పీఠభూమి గాలి తగులుతుంది. చిత్తూరు దాటితే తమిళనాడు ఎంతో దూరం లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ నేల ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2022లో చిత్తూరు జిల్లాయే విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. గీతలు మారినంత తేలిగ్గా మనుషులు మారరు. తెలుగూ తమిళమూ కన్నడమూ ఉర్దూ ఒకే సంతలో, ఒక్కోసారి ఒకే బేరంలో వినపడే చోటు ఇది. మా సంగటి కన్నడ సీమలో ముద్దె అవుతుంది. ద్రౌపదమ్మ కొలుపు తమిళ పల్లెల్లోనూ ఉంది. కనుక 'ఇది మా ఒక్కరిదే' అని చాటుకునే రచన చరిత్ర ముందు నిలవదు. ఇక్కడి నేల, నీరు, కులం, అంగడి ఈ కలగలుపును ఏ తీరున మలిచాయన్నదే మా ప్రత్యేకత. దాన్ని చెప్పాలంటే మనుషుల్లోకి పోవాలి.

పల్లెల్లో జరిగే భారతం తిరునాళ్లనే తీసుకోండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, రోజుల తరబడి సాగుతుంది. తపస్సు మాను ఎక్కే అర్జునుడు, మట్టితో పోసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ, చివర నిప్పులగుండం. పత్రికల్లో ఏటా ఈ మూడూ ఫొటోలుగా వస్తాయి. మంచిదే. కాని మాను ఎక్కిన ఆ నటుడు మిగతా నెలల్లో ఏ పనికి పోతాడు? చందాల లెక్క ఎవరి చేతిలో ఉంటుంది? బిడ్డల కోసం ఆ మాను కింద తడిబట్టలతో సాగిలపడిన ఆడమనిషి ఇంట్లో ఎన్ని మాటలు పడి అక్కడికి వచ్చింది? డప్పు ఏ వాడ నుంచి వస్తుంది, ఆ వాడవాళ్లకు గుడి ముందు నిలబడే చోటు ఎక్కడ? ఈ ప్రశ్నలు అడిగిన కథకు భారతం దొరుకుతుంది. అడగని కథకు ఫొటో దొరుకుతుంది.

మామిడి సంగతీ అంతే. సీసాలో మామిడి రసం తాగే కోట్లమందిలో మా తోటల పేరు విన్నవాళ్లెందరు? తోతాపురి కోసుకుని తినేదానికన్నా గుజ్జు తీసేదానికే ఎక్కువగా పోతుంది. జ్యూస్ ఫ్యాక్టరీ ఇచ్చే టోకెను, ర్యాంపు దగ్గర తూకం, కాయ చెడేలోపల అమ్ముకోవాలన్న తొందర: రైతు బేరమాడే శక్తి ఈ మూడింటి నడుమ కరిగిపోతుంది. 2025 వేసవిలో ధర కూలినప్పుడు కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కేటట్టు, అందులో 8 ఫ్యాక్టరీలూ 4 ప్రభుత్వమూ ఇచ్చేటట్టు నిర్ణయించారు. ఆ 8 రూపాయలు చేతికి రావటం లేదని రైతులు మొరపెట్టుకున్నారు. ఆ జులైలో బంగారుపాళ్యం పేరు రాష్ట్రమంతటా వినపడింది. వినపడింది మామిడి రుచి వల్ల కాదు, మామిడి ధర వల్ల. ఫ్యాక్టరీ తొక్కనూ టెంకనూ పారేసి తీపిని మాత్రం పైఊళ్లకు పంపుతుంది. తమ ప్రాంతాన్ని ఇదే పద్ధతిలో పైఊళ్లకు పంపే రచనలు మనకు తక్కువేమీ లేవు.

మా జిల్లా కథకులు ఈ పనిని ఎలా చేశారో చూద్దాం. మధురాంతకం రాజారాం (1930–1999) బడిపంతులు. ఆయన బతికిన దామలచెరువు కూడా మామిడి మండీల ఊరే. 1993లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కథనం ఎక్కువగా శిష్టవ్యావహారికంలో నడుస్తుంది. ఊరి పలుకుబడి సామెతలోనో, పాత్ర విసుగులోనో తొంగిచూస్తుంది. శ్రీకాకుళం పాఠకుడు కూడా తడబడకుండా చదువుకుంటాడు. పొరుగువాణ్ని కలుసుకోవటానికి ఆయన సగం దారి ఎదురువెళ్లాడని నేనంటాను. 'హాలికులు కుశలమా' అన్న ఆయన కథ పేరే చూడండి. ఊరిని చూపించటానికన్నా ముందు ఊరి క్షేమం అడగటం అందులో ఉంది. బడిపంతుళ్లూ, రైతులూ, చిరుద్యోగులూ ఆయన కథల్లో చిత్తూరు జిల్లావాళ్లమని చెప్పుకోరు; అక్కడ బతుకుతారు, అంతే. అయితే ఈ సౌమ్యతకు ఒక మూల్యమూ ఉంది. మనిషి మంచితనం మీద ఆయనకున్న నమ్మకం ఎంత బలమైనదంటే, భూమి చుట్టూ ఉండే ఘర్షణ కొన్నిచోట్ల దాని ముందు మెత్తబడుతుంది. పాఠకుడు కళ్లు తుడుచుకుని పుస్తకం మూస్తాడు, కోపంతో మూయడు.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఒక్క అడుగు కూడా ఎదురువెళ్లడు. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' చదివినవాళ్లకు తెలుసు: అక్కడ పాత్రలే కాదు, కథ చెప్పేవాడూ ఊరి మాటే మాట్లాడతాడు. పాఠకుడే నడిచి రావాలి. వచ్చారు, తెలుగునాడు నలుమూలల నుంచీ వచ్చారు. యాస కమ్మదనం కోసం వచ్చారని కొందరు విమర్శకులంటారు. నేనొప్పుకోను. ఆ మాటలో ఒక సేద్యగాళ్ల ఇంటి లేమి, తల్లి చాకిరీ, ఆమె నోటి దురుసుతనం, ఆ దురుసుతనం కింద ఉన్న ప్రేమ విడదీయరాకుండా ఉన్నాయి. మాటను మార్చితే ఆ తల్లి మిగలదు. 'మునికన్నడి సేద్యం'లో సేద్యం కంటికి ఇంపైన దృశ్యం కాదు. మనిషిని కుంగదీసే లెక్క. కాని ఇక్కడా ఒక ప్రమాదం ఉంది. దూరపు పాఠకుడు నవ్వును పట్టుకుని, నవ్వు వెనక ఉన్నదాన్ని వదిలేయవచ్చు. అది నామిని తప్పని అనను. ఆయన్ను అనుకరించినవాళ్లు మాత్రం నవ్వునూ యాసనూ తీసుకుని లెక్కను వదిలేశారు. వాక్యానికొక 'యాడ', పేరాకొక 'తావ' చల్లితే చిత్తూరు కథ తయారవుతుందన్న భ్రమ అలా పుట్టింది.

సినిమా ఆ భ్రమను ఇంకా పెంచింది. 2021లో వచ్చిన 'పుష్ప' మా యాసను దూరదూరాలకు మోసుకుపోయింది. అందులో కథానాయకుడు వేసినవారికి జాతీయ ఉత్తమ నటుడి బహుమతీ దక్కింది. తెరమీద నవ్వించేవాడికో, కొట్టించుకునేవాడికో కేటాయించే మాట కథానాయకుడి నోటికెక్కటం చిన్న సంగతి కాదు. మా బడి పిల్లలు తమ మాటకు సిగ్గుపడకుండా మాట్లాడటం ఆ రోజుల్లో నేను చూశాను. ఆ మేలును ఒప్పుకుంటూనే ఒక మాట అడగాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. వాళ్లు దుంగల కూలికి వచ్చినవాళ్లు. సినిమాలో కూలీ ముఠాకు నాయకుడయ్యాడు. అడవిలో కూలీ శవమయ్యాడు. మా యాస దేశమంతటా చేరింది. ఆ చావులు చేరలేదు. బయటివాళ్లతో ఏం పంచుకున్నామో చెప్పుకునేటప్పుడు ఏం దాచామో కూడా చెప్పుకోవాలి.

"యాసలో రాస్తే మిగతా ప్రాంతాలవాళ్లకు అర్థం కాదు, కథ చివర అర్థాలు ఇవ్వండి" అని సలహా ఇచ్చే మిత్రులున్నారు. యం.ఏ. చదివే రోజుల్లో రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చదివాను. విశాఖ మాట నాకు కొత్త. యశోదారెడ్డి 'ఎచ్చమ్మ కతలు' చదివాను. తెలంగాణ మాటా కొత్తే. అర్థాల పట్టిక ఆసరా లేకుండానే ఇద్దరూ నన్ను తమ మనుషుల మధ్య కూర్చోబెట్టారు. తెలియని మాటకు పక్కనున్న పని అర్థం చెప్పింది. 'కపిల' అంటే తెలియనివాడికి ఎద్దులు, బావి, తోలు తొండం, కాలవలో పారే నీళ్లు కనపడితే చాలు. అర్థాలు ఇవ్వటంతో నాకు పేచీ లేదు. అర్థాలు ఇచ్చుకోవటానికే మాటలు ఏరుకునే రచనతో పేచీ.

ఇతరుల లోపాలు ఎంచి నా లోపం దాచుకోకూడదు. ఒకసారి ఏడో తరగతిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమన్నాను. ఒక పిల్లవాడు "మా అవ్వ తావ నాలుగు ఎనుములుండాయి" అని మొదలుపెట్టాడు. ఆ ఎనుములకు మేత ఎక్కడి నుంచి తెస్తారో, బోరు ఎండిపోయిన ఏడు రెండింటిని ఎందుకు అమ్మారో రాశాడు. నేను ఎర్రసిరాతో 'తావ' కొట్టేసి 'వద్ద' అని, 'ఎనుములు' కొట్టేసి 'గేదెలు' అని, 'ఉండాయి' కొట్టేసి 'ఉన్నాయి' అని దిద్దాను. తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాను. ఈసారి అవ్వా లేదు, ఎనుములూ లేవు. 'మా గ్రామము ప్రకృతి సౌందర్యముతో అలరారుచున్నది' అని ఉంది. పదికి ఎనిమిది మార్కులు వేశాను.

ఆ ఎనిమిది మార్కులు ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉన్నాయి. మాటను కొట్టేస్తే దానితోపాటు అవ్వ పోయింది, పాడి పోయింది, ఎండిన బోరు పోయింది. బయటివాడు మెచ్చే ఊరు మాత్రం మిగిలింది. ప్రదర్శన సాహిత్యంలో మొదటి పాఠం నేనే చెప్పాను.

రాయలసీమ అనగానే బాంబులూ బీడు నేలలూ మాత్రమే కనపడే పాఠకుడితో మనం తగాదా పడుతుంటాం. వాడికి మనం ఇస్తున్నది ఇంకొక తయారు బొమ్మ అయితే ఆ తగాదాకు అర్థం లేదు. రాయవలసింది చాలా ఉంది. తెల్లవారకముందే పాలక్యాను మోసుకుని కేంద్రానికి నడిచే ఆడవాళ్లున్నారు. తోట కౌలుకు ఇచ్చి బెంగుళూరు బస్సెక్కే కుర్రవాళ్లున్నారు. వీళ్ల కథ రాసేటప్పుడు యువ రచయితలు తమను తాము ఒకటే అడిగి చూసుకోవాలి: ఈ కథను నా ఊరివాళ్లకు చదివి వినిపిస్తే, ఇది మన సంగతే అంటారా, మనల్ని ఎవరికో చూపిస్తున్నాడంటారా? ఊరివాళ్లు ఒప్పుకున్న కథను పొరుగువాడు తప్పక నమ్ముతాడు.

ఆ పెద్దాయన మళ్లీ మా ఊరు వస్తే ఈసారి నేరుగా మండీకి తీసుకుపోతాను. ర్యాంపు దగ్గర తూకం చూపిస్తాను. రాత్రంతా టోకెను కోసం కాచుకున్న రైతు పక్కన కూర్చోబెట్టి, ఆయన ప్రశ్నను ఆ రైతునే అడగమంటాను. సంగటి ఆ తర్వాత, ముగ్గురం కలిసి తింటాం.