తలుపు నునుపుకు ఏ మిషను?

1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారి మైసూరులో కలిసింది. మధ్యలో గీత పడినా వాకిలి మీద మర్యాద అటూ ఇటూ ఒకటే. గడప నిలిపే రోజున పసుపు రాసి, కుంకుమ పెట్టి, వడ్రంగి ఆచారికి తాంబూలంతో కొత్త బట్టలు ఇచ్చే ఇళ్లు రెండు వైపులా ఉన్నాయి. అంత గౌరవంగా నిలిపిన వాకిలికి నునుపు తీసే పని దగ్గరకు వచ్చేసరికే తొందర పడుతున్నాం.

పాత పద్ధతిలో చిత్రిక పట్టాక మిగిలిన గరుకును ఉక్కు రేకుతోనో గాజుపెంకుతోనో గీకి, చెక్కదిమ్మకు ఉప్పుకాగితం చుట్టి నార వెంబడే రుద్దేవారు. నారకు అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ పడ్డాక బయటపడతాయి. మిషన్లు వచ్చినా ఈ సూత్రం మారలేదు.

చాలా చోట్ల ఇప్పుడు నాలుగు అంగుళాల గ్రైండర్‌కే గరుకు బిళ్ల తగిలించి తలుపు మీద పెడుతున్నారు. ఇది నాకు ససేమిరా నచ్చదు. గ్రైండర్ నిమిషానికి పది వేల చుట్లకు పైగా ఒకే తీరున తిరుగుతుంది. చెయ్యి కాస్త వాలినా చెక్కలో నెలవంకలా గుంట పడుతుంది. టేకు పలకలో ఆ గుంటను పూడ్చలేం, చుట్టూ అరగదీసి సమం చేయాల్సిందే.

చెక్క కోసమే చేసిన రాండమ్ ఆర్బిటల్ శాండర్ తీరు వేరు. బిళ్ల తిరుగుతూనే రెండున్నర నుంచి అయిదు మిల్లీమీటర్ల మేర ఊగుతుంది. అందువల్ల ఒక గీత మీద మళ్లీ అదే గీత పడదు. ఇందులో ప్రధానంగా అయిదు అంగుళాలవి, ఆరు అంగుళాలవి దొరుకుతాయి. తేడా ఒక్క అంగుళమే అనిపిస్తుంది కానీ అయిదు అంగుళాల బిళ్ల వైశాల్యం దాదాపు 20 చదరపు అంగుళాలు, ఆరుది 28. బల్ల మీద పడుకోబెట్టిన వెడల్పాటి తలుపుకైతే ఆరు అంగుళాలదే హాయి, పని త్వరగా తెములుతుంది. నిలబెట్టిన ద్వారబంధం మీద మాత్రం దాని బరువు మణికట్టును పీకుతుంది, సన్నటి అంచు మీద ఒరిగి మూలను గుండ్రం చేసేస్తుంది. ఇంటి పనులకు ఒక్కటే కొనాలంటే నేను అయిదు అంగుళాలదే కొనమంటాను. కొనేముందు మీ ఊరి దుకాణంలో ఏ కొలత బిళ్లలు ఎప్పుడూ ఉంటాయో కనుక్కోండి. బిళ్లలు దొరకని మిషను మూలన పడి ఉండాల్సిందే.

గుండ్రటి బిళ్ల తలుపు పలకల మూలల్లోకి పోదు. అక్కడికి చతురస్రపు చిన్న మిషను కావాలి. మామూలు ఉప్పుకాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే దానికి సరిపోతుంది కనుక ఖర్చూ తక్కువే. బెల్టు మిషను ముతక పనికి, ఎత్తుపల్లాలు తీయడానికి. ప్లైవుడ్ మీది టేకు పొర అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, దాని దగ్గరకు బెల్టును రానివ్వకండి.

మిషనును నొక్కకూడదు. నొక్కితే బిళ్ల తిరగడం మందగించి సుడిగీతలు పడతాయి. దాని బరువు చాలు, చెయ్యి నడిపిస్తే సరి. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180 దాకా వెళ్లాలి. మధ్యలో ఒకటి దాటేస్తే ముందటి గీతలు అలాగే ఉండిపోతాయి. టేకులో నూనె ఎక్కువ, కాగితం త్వరగా మూసుకుపోతుంది, మార్చడానికి వెనకాడవద్దు. ఆఖరి నంబరు కాగితాన్ని దిమ్మకు చుట్టి నార వెంబడి చేత్తోనే రుద్దాలి. ఎక్కడ ఆగాలో ఆచారి అరచేతికి తెలుస్తుంది.

చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. మూతికి తువ్వాలు చుడితే చాలదు. దుమ్ము సంచి ఉన్న మిషను, సరైన మాస్కు ఇప్పించడం పని చేయించుకునేవారి బాధ్యత.

అడుగుల లెక్కన కూలి మాట్లాడుకున్నప్పుడు మొదట కోత పడేది ఈ నునుపు పనికే. బేరం రోజునే దానికి విడిగా కూలి ఒప్పుకోండి. పాలిష్ వేయకముందే తలుపు పక్క నుంచి దీపం పట్టి చూపించమని ఆచారిని అడగండి, గీతలుంటే ఆ వాలు వెలుతురులో కనబడతాయి.