మెట్టు కింది ఫెల్టు

హార్మోనియంలో ఒక మెట్టు పక్కవాటికన్నా పైకి లేస్తే, కారణం చాలాసార్లు కంటికి కనపడని చోట ఉంటుంది. మెట్టు ఏతాంలాంటిది: ముందు నొక్కితే వెనక మూత లేచి రీడుకు గాలి అందుతుంది. మూతకింది ఫెల్టు అరిగినా, పురుగు తిన్నా వెనక దిగి ముందు లేస్తుంది. స్ప్రింగు సడలితే నొక్కని స్వరమూ మూలుగుతుంది. పైకి కనిపించే ఎత్తు నుంచి లోపలి జబ్బును పట్టుకోవడం, నా దృష్టిలో, గొప్ప విద్య. మెట్టునే చిత్రిక పట్టి సమం చేయవచ్చుగా అంటారు. అప్పుడు చెక్క పోతుంది, గాలి కారడం ఆగదు.

ఇంత శ్రమ ఎందుకు, నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు పద్యనాటకానికి ఎలక్ట్రానిక్ కీబోర్డు చాలదా అన్నది గట్టి ప్రశ్నే. కీబోర్డుకు శ్రుతి చెదరదు, నిజమే. కానీ తిత్తి ఊదే చెయ్యి నటుడి ఊపిరితోపాటు నాదాన్ని పెంచుతుంది, సన్నగిలజేస్తుంది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించినా నాటకం ఈ పెట్టెను వదల్లేదు. అందుకే దాన్ని బాగుచేసేటప్పుడు జాగ్రత్త కావాలి: కొత్త ఫెల్టు, పాతది అరగకముందు ఉన్న మందంలోనే ఉండాలి. ఎక్కువైతే మెట్టు కుంగుతుంది.