చాప చెప్పని పాఠం, పుస్తకం చెప్పిన పాఠం

సూర్యలంక, బాపట్ల, రేపల్లె, తెనాలి ఎటు వెళ్లినా ‘పుష్పాలంకరణ మహోత్సవం’ ఫ్లెక్సీలు కనిపిస్తాయి. పూలజడ, పట్టుబట్టలు, పిల్ల నిలువెత్తు ఫొటో. రజస్వల అయిన పిల్లకు ఇల్లు చెప్పే పాఠం ఈ వేడుక. బడి చెప్పేది ఎన్‌సీఈఆర్‌టీ 8వ తరగతి సైన్సులో ఏళ్ల తరబడి నడిచిన కౌమారదశ పాఠం. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

వేడుకలో ఆదరణ ఉంది. చాప మీద కూర్చోబెట్టి, హారతిచ్చి, చిమ్మిలి పెడతారు. నువ్వులూ బెల్లమూ మంచి బలమే. కానీ ఒంట్లో ఏం జరిగిందో, నొప్పి వస్తే ఏం చేయాలో, ప్యాడ్ ఎన్ని గంటలకొకసారి మార్చుకోవాలో చాలా ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పరు. ‘అది ముట్టుకోకు, ఇటు రాకు’ అని మాత్రం ఆ రోజే మొదలుపెడతారు. పిల్ల చెవిలో చెప్పడానికి సిగ్గుపడిన సంగతినే ఫ్లెక్సీ వేసి ఊరంతటికీ చాటుతారు. పిల్ల పెళ్లీడుకొచ్చిందన్న కబురు కూడా అందులోనే ఉంటుంది. ఆ కబురు ప్రమాదకరం: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి పైగా 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు.

పుస్తకం తీరు వేరు. మొటిమలెందుకు, గొంతు ఎందుకు మారుతుంది, నెలసరి ఎలా వస్తుంది, అన్నిటికీ హార్మోన్ల దగ్గర్నుంచి కారణం చెబుతుంది. ఆ రోజుల్లో ఆడపిల్ల వంటింట్లో పని చేయకూడదన్నది ఆధారం లేని నమ్మకమని తేల్చేస్తుంది. పరీక్షకు చదివే పుస్తకం ఇంటి ఆచారాన్ని ఇంత సూటిగా కాదనడం గొప్ప సంగతి.

దానికీ లోపాలున్నాయి. 8వ తరగతికి పిల్లలకు 13 ఏళ్లు; అప్పటికే చాలామందిని చాప మీద కూర్చోబెట్టేసి ఉంటారు. మగపిల్లల విషయంలో గొంతు, మీసం దాకా వచ్చి, నిద్రలో వీర్యం పోవడం సహజమేనన్న ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోతుంది. నాన్నతో సముద్రం మీద వేటకెళ్లే కుర్రాడికి అలా జరిగినప్పుడు కలిగే భయం తీర్చే మనిషి ఇంట్లోనూ దొరకడు.

అయినా నా ఓటు పుస్తకానికే. ఆలస్యాన్ని సరిదిద్దుకోవచ్చు, అజ్ఞానాన్ని వేడుక చేసుకుంటే దిద్దేదేమీ ఉండదు. ఆ పాఠాన్ని 6వ తరగతికి తేవాలి, ఆడా మగా అందరికీ చెప్పాలి, ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను పిలిపించి తల్లులనూ కూర్చోబెట్టాలి. చిమ్మిలి పెట్టే అమ్మకే ఈ సంగతులు తెలిస్తే పిల్ల బెదరదు.