కుంచె కొనేముందు

నీటిరంగుల్లో ఒక గీతను సన్నగా మొదలుపెట్టి, మధ్యలో లావు చేసి, మళ్ళీ సన్నగా ముగించాలంటే చెయ్యి తిరిగినంత మాత్రాన సరిపోదు, కుంచె కూడా కలిసిరావాలి. రంగునీళ్ళు కడుపు నిండా పట్టాలి, నొక్కితే వంగాలి, వదలగానే మొన మళ్ళీ నిలబడాలి. ఈ గుణాలన్నీ ఉన్నందుకే ముంగిస వెంట్రుకకు చిత్రకారుల్లో అంత పేరు. ఆ పేరే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

ముంగిస మనకు కొత్త జంతువేం కాదు. పొలం గట్ల మీద, పాడుబడ్డ గోడల సందుల్లో పరుగులు తీస్తూ కనబడుతూనే ఉంటుంది. ఊరికి బయల్దేరినప్పుడు ఎదురొస్తే మంచి శకునమని మన పెద్దవాళ్ళు సంబరపడేవారు. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. గొర్రె ఉన్నిలాగా దాని బొచ్చు కత్తిరించి జంతువును వదిలేస్తారనుకుంటే పొరపాటు. ఉచ్చు పన్ని పట్టుకుని, చంపి, వెంట్రుకలు పీకుతారు. కిలో వెంట్రుక కోసం సుమారు 50 ముంగిసలు చావాలని అంచనా. ఈ సంగతి తెలిశాక కుంచె పట్టుకున్న చెయ్యి ఊరుకోదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసలను 2002లో రెండో షెడ్యూలు రెండో భాగంలోకి మార్చారు. ఈ మార్పుతో వేటే కాదు, వెంట్రుకల వ్యాపారం, వాటితో కట్టిన కుంచెల వ్యాపారం కూడా గట్టి నిషేధం కిందికి వచ్చాయి. అలా అమ్మి దొరికితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. అయినా 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేస్తే 50 వేలకు పైగా కుంచెలు, 100 కిలోలకు పైగా వెంట్రుకలు పట్టుబడ్డాయి. పై లెక్కన ఆ వెంట్రుకల మూటల వెనక 5 వేల ముంగిసలున్నాయి! అడిగి కొనేవాళ్ళు లేకపోతే ఇంత సరుకు ఎందుకు తయారవుతుంది?

కుంచెల తయారీకి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా షేర్‌కోట్ ప్రసిద్ధి. అక్కడ ఎన్నో కుటుంబాలకు ఇదే జీవనాధారం. వాళ్ళ నైపుణ్యమంటే నాకు గౌరవం. వెంట్రుకల మొనలు సరిచూసి, కుచ్చు కట్టి, రేకు గొట్టంలో బిగించే ఆ పని నైలాన్ పోగులతోనూ సాగుతుంది. మనం నైలాన్ అడిగితే వాళ్ళు నైలానే కడతారు.

నైలాన్ కుంచె ముంగిస కుంచెకు సమానమని మాత్రం నేను చెప్పను. నీళ్ళు తక్కువ పడుతుంది, కాగితం మీద త్వరగా వదిలేస్తుంది. పొడవాటి తీగ గీయబోతే సగంలోనే ఆరిపోతుంది. అయితే సేబుల్ కొనుక్కుంటామనే మిత్రులున్నారు. పేరున్న ఆ విదేశీ కుంచెల్లోనూ ఉండేది సైబీరియా వీజెల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుకలే. నాకు ఆ దారీ రుచించదు. గీతను ఎక్కడ ఆపి, ఎక్కడ అందుకోవాలో ముందే అనుకుని, మరోసారి రంగులో ముంచి గీస్తాను. గీత కొంచెం మారింది. మారనీ.

మా ఆదివారం తరగతి పిల్లలకిచ్చే సామాను చీటీలో ‘రౌండ్ బ్రష్’ అని ఊరుకోకుండా ‘నైలాన్ రౌండ్ బ్రష్’ అనే రాస్తాను. డ్రాయింగ్ మాస్టార్లందరూ ఆ ఒక్క మాట చేర్చాలని నా కోరిక. కొట్లో ‘నేచురల్ హెయిర్’ అంటూ కుంచె చేతికిస్తే, ఏ జంతువు వెంట్రుకో అడగమని పిల్లలకు చెబుతున్నాను. వెంట్రుక మొన ముదురు గోధుమరంగులో, నడుము లేత మీగడరంగులో, మొదలు మళ్ళీ ముదురుగా ఉంటే అనుమానించాల్సిందే. కొట్టాయన సరైన జవాబు చెప్పకపోతే ఆ కుంచెను బల్ల మీదే పెట్టేసి రమ్మంటున్నాను.