ఎవరి కథకి మూడో భాగం?

సీక్వెల్ వస్తోందనగానే అభిమానికి రెండు భయాలు ఒకేసారి పట్టుకుంటాయి. పాతదాన్నే మళ్ళీ వండి వడ్డిస్తారేమోనని ఒకటి, పాతదాన్ని అసలు పట్టించుకోరేమోనని ఇంకొకటి. నవలకైనా సినిమాకైనా ఇది మామూలే. కానీ రోల్ ప్లేయింగ్ గేమ్‌కి సీక్వెల్ తీసేటప్పుడు మూడో చిక్కు ఒకటుంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 'బాల్డర్స్ గేట్ 3' వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, 2023లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్‌గా కూడా నిలిచింది. ఆ హడావిడి సద్దుమణిగింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఈ గేములు ఆడనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. కెనడాలోని ఎడ్మంటన్‌లో కొందరు డాక్టర్లు కలిసి బయోవేర్ అనే సంస్థ పెట్టారు. వాళ్ళు 1998 చివర్లో 'బాల్డర్స్ గేట్', 2000లో దాని రెండో భాగం, 2001లో ముగింపుగా 'థ్రోన్ ఆఫ్ భాల్' తెచ్చారు. స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' నియమాలే వీటికి పునాది. భాల్ అనే హత్యల దేవుడు చనిపోతూ లోకమంతా సంతానాన్ని వదిలి వెళ్తాడు. మనం ఆ సంతానంలో ఒకళ్ళం. తండ్రి రక్తం మనలో ఉంది. దాన్ని ఏం చేసుకుంటామన్నదే కథ. చివరికి తండ్రి సింహాసనం ఎక్కి దేవుడిగా మారొచ్చు, వద్దనుకుని మామూలు మనిషిగా మిగిలిపోవచ్చు.

నేను వీటిని వచ్చిన కాలంలో ఆడలేదు. 2012లోనూ ఆ తర్వాతా కొత్త కంప్యూటర్లకి సరిపోయేలా మెరుగులు దిద్ది విడుదల చేశారు కదా, అప్పుడు ఆడాను. ఆడాను అనడం కన్నా చదివాను అనడమే సబబు. తెర మీద బొమ్మలు చీమలంత. మనుషులంతా మాటల్లోనే ఉంటారు. చిట్టెలుకని చంకలో పెట్టుకుని దాంతో సలహాలు సంప్రదించే మిన్స్క్ అయినా, ప్రతిదానికీ మనల్ని మందలించే జహీరా అయినా మనకి గుర్తుండిపోయేది వాళ్ళ మాటతీరు వల్లే.

2019లో బెల్జియం సంస్థ లారియన్ మూడో భాగం చేస్తున్నామని ప్రకటించింది. అంతకుముందే ఒకసారి ఇంకో బృందం మూడో భాగం మొదలుపెడితే 2003లో అది మధ్యలోనే ఆగిపోయింది. అంటే అభిమానులు ఎదురుచూపులో బాగా ముదిరిపోయి ఉన్నారు. 2020లో లారియన్ మొదటిసారి ఆడి చూపించగానే ఫిర్యాదులు మొదలయ్యాయి. పాత గేముల్లో యుద్ధం ఆగకుండా నడుస్తుంది, మనకి కంగారు పుట్టినప్పుడు స్పేస్ బార్ నొక్కి ఆపుకుంటాం. ఇందులో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా కొట్టుకుంటారు. అప్పట్లో జట్టుకి ఆరుగురు, ఇప్పుడు నలుగురు. పగలూ రాత్రీ మారడం లేదు. చూడ్డానికి లారియన్ వాళ్ళ పాత గేమ్ 'డివినిటీ' లాగే ఉంది. అన్నిటికన్నా వింత, సంభాషణలో మనం ఎంచుకోవాల్సిన వాక్యాలు జరిగిపోయిన విషయం చెబుతున్నట్టు భూతకాలంలో ఉన్నాయి.

ఆ చివరి ఫిర్యాదు న్యాయమైనదని లారియన్ కూడా ఒప్పుకున్నట్టుంది, మార్చేసింది. మిగతావి మార్చలేదు. మార్చకపోవడమే మంచిదయింది. వంతులవారీ యుద్ధంలో ఒక్కో అడుగూ లెక్కే. ఎత్తు మీద ఎవరు నిలబడ్డారు, పక్కనున్న పీపాలో నూనె ఉందా, శత్రువుని కొట్టడమా లోయలోకి తోసెయ్యడమా అని ఆలోచించే తీరిక ఉంటుంది. నిజానికి బల్ల మీద ఆడే అసలు ఆట కూడా వంతులవారీదే. మూలానికి దగ్గరగా వెళ్ళిన గేమ్‌ని మూలానికి దూరమైందని తిట్టారన్నమాట.

మన భాషలో ఇలాంటి పని చేసినవాళ్ళు ఉండనే ఉన్నారు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన ఆ మిగిలిన ముక్కని ముట్టుకోలేదు. విరాటపర్వంతో మొదలుపెట్టి తన తెలుగులో తన దారిన తాను రాసుకుపోయాడు. తర్వాత ఎఱ్ఱన వచ్చి ఆ ఖాళీని పూరించాడు. నన్నయలా మొదలుపెట్టి తిక్కన దగ్గరికి చేర్చాడు, పైగా దాన్ని నన్నయ రాజు పేరు మీదే ఉంచాడు. బాల్డర్స్ గేట్ అభిమానులు ఎఱ్ఱన కోసం ఎదురుచూశారు, వచ్చింది తిక్కన. అంతే తేడా. తిక్కన నన్నయలా రాయలేదని ఇవాళ ఎవరూ బాధపడటం లేదు కదా.

అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, నేను మొదట్లో చెప్పిన మూడో చిక్కు అక్కడే ఉంది. ముగ్గురిలో ఎవరు రాసినా అర్జునుడు అర్జునుడే, కథ ఎటు పోతుందో కవికీ శ్రోతకీ ముందే తెలుసు. బాల్డర్స్ గేట్‌లో నాయకుడికి పేరు కూడా లేదు. ఆడా మగా, మంచివాడా దుర్మార్గుడా, ఎవర్ని ప్రేమించాడు, చివర్లో సింహాసనం ఎక్కాడా అన్నీ ఆడినవాళ్ళే తేల్చుకున్నారు. ఎంతమంది ఆడితే అన్ని కథలు. మరి మూడో భాగం వీటిలో ఏ కథకి కొనసాగింపు?

హక్కులు ఉన్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దీనికి ఎప్పుడో ఒక సమాధానం ఇచ్చేసింది. గేములని నవలలుగా వేసినప్పుడు నాయకుడికి ఏబ్డెల్ ఏడ్రియన్ అని పేరు పెట్టారు. 2013లో వచ్చిన ఒక బల్ల ఆటలో, ముసలివాడైన ఆ ఏబ్డెల్‌ని నడివీధిలో చంపేసి, భాల్‌ని మళ్ళీ బతికించారు. ఇక అధికారిక చరిత్ర అదే. నేను ఇరవై ఏళ్ళ అమ్మాయిగా ఆడి, దేవత్వం వద్దని వచ్చేసిన కథ ఆ చరిత్రలో ఎక్కడా లేదు.

లారియన్ ఈ గొడవలోకి దిగకుండా కథని నూరేళ్ళకి పైగా ముందుకు జరిపింది. తెలివైన పని. పాత మనుషుల్లో నూరేళ్ళు బతకగలిగినవాళ్ళని మాత్రం కొందర్ని వెనక్కి తెచ్చింది. (ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది, ఆడబోయేవాళ్ళు చూసుకోండి.) జహీరా తిరిగి రావడం నాకు ఈ గేమ్‌లో చాలా నచ్చిన విషయం. ఆమె ముసలిదైంది, పిల్లల్ని పెంచుకుంది, నోటి దురుసు మాత్రం తగ్గలేదు. పాత ప్రయాణం గురించి తక్కువే చెబుతుంది కాబట్టి ఎవరి జహీరా వాళ్ళకి మిగిలే ఉంటుంది.

వికోనియా విషయంలో అలా జరగలేదు. రెండో భాగంలో ఓపిగ్గా ప్రేమిస్తే ఆమె మనసు చెడు నుంచి పక్కకి జరుగుతుంది. పాత ఆటగాళ్ళకి అది ఎంతో కష్టపడి సాధించుకున్న మార్పు. మూడో భాగంలో ఆమె షార్ దేవత గుడిలో క్రూరమైన పెద్దగా కనిపిస్తుంది, మనతో ఆమెకి ఏ గతమూ లేనట్టే ఉంటుంది. సారెవోక్ సంగతీ అంతే. మొదటి భాగంలో ప్రతినాయకుడు, 'థ్రోన్ ఆఫ్ భాల్'లో కావాలంటే మన జట్టులో చేరి మారగలిగినవాడు. అతన్ని మళ్ళీ భాల్ సేవకుడిగా నిలబెట్టారు. పాతవాళ్ళు వస్తారని ఆశపడ్డవాళ్ళకి ఈ రాక రాకపోవడం కన్నా బాధ కలిగించింది. నాకూ కలిగించింది.

కానీ న్యాయంగా మాట్లాడాలంటే, ఈ అలవాటు లారియన్‌తో మొదలవలేదు. అందరూ ఆకాశానికెత్తే రెండో భాగమే మొదటి భాగానికి ఇదే పని చేసింది. మొదటి గేమ్‌లో మీరు జహీరాని, మిన్స్క్‌ని జట్టులో చేర్చుకోకుండా దుర్మార్గులతో తిరిగినా సరే, రెండో గేమ్ మొదలవగానే చెరలో మీ పక్కన ఉండేది వాళ్ళే. జహీరా భర్త ఖాలిద్, మిన్స్క్ కాపలా కాసిన డైనహీర్ చనిపోయి ఉంటారు. మీరు ఎలా ఆడారని ఎవరూ అడగరు. ఆ దెబ్బని మనం క్షమించాం, ఎందుకంటే ఆ చావులు కథలో పనికొచ్చాయి. జహీరా దుఃఖం ఆ గేమ్ పొడుగునా ఉంటుంది. వికోనియాకి జరిగిందాంట్లో అలాంటి దుఃఖం ఎవరికీ లేదు. ఒక పాత పేరుని కొత్త శత్రువుకి తగిలించారు, అంతే.

కాబట్టి నా కొలత ఇది. సీక్వెల్ నా కథని చెరిపెయ్యొచ్చు. చెరిపినందుకు అందులో ఏదో ఒక బరువు ఉండాలి. ఈ కొలతకి మూడో భాగంలో గట్టిగా నిలబడేది 'డార్క్ అర్జ్' అనే పాత్ర. జ్ఞాపకం పోయి, చేతులకి చంపాలనే కోరిక మాత్రం మిగిలినవాడిగా మొదలుపెడతాం. పోనుపోనూ తెలుస్తుంది, మనం భాల్ సంతానమే అని. రక్తం రాసిపెట్టిందే జరగాలా అన్న పాత ప్రశ్న మళ్ళీ మన ముందుకి వస్తుంది. పాత మనుషులు ఒక్కళ్ళూ లేకపోయినా ఇది రెండో భాగానికి నిజమైన కొనసాగింపు. యుద్ధం ఎలా ఉంది, జట్టులో ఎందరు అని వాదించుకుంటున్న రోజుల్లో మనం అడగాల్సింది ఇదే: ఆ ప్రశ్న ఉంటుందా?

ఇప్పుడు ఆ వంతు కొత్త అభిమానులకి వచ్చింది. నాలుగో భాగం తాము చెయ్యబోమని లారియన్ అధిపతి స్వెన్ వింక 2024 మార్చిలోనే చెప్పేశాడు. పేరు మీద హక్కు మాత్రం విజార్డ్స్‌దీ, దాని సొంతదారు హాస్‌బ్రోదీ. అంటే నాలుగోది వస్తే వేరేవాళ్ళ చేతుల మీదుగానే వస్తుంది. 2020లో లారియన్‌ని శంకించినట్టే రేపు వాళ్ళనీ శంకిస్తారు, లారియన్ చెయ్యనిది బాల్డర్స్ గేటే కాదంటారు. యుద్ధ పద్ధతి మీద, కెమెరా మీద మళ్ళీ కత్తులు దూసుకుంటారు. ఆ వాదనల్లో నాకు ఆసక్తి లేదు.

నా భయం వేరే. కార్లాక్ అనే అమ్మాయి గుండె స్థానంలో నరకంలో చేసిన యంత్రం ఉంటుంది. ఆ నరకం బయట అది ఎక్కువ రోజులు పనిచెయ్యదు. నా ఆటలో ఆమె చివర్లో రేవు దగ్గర, సముద్రం చూస్తూ కాలిపోయింది. వెనక్కి నరకానికి వెళ్ళి బతుకు అని నేను బలవంతపెట్టలేదు, తను వద్దంది కాబట్టి. మీ ఆటలో ఆమె వెళ్ళే ఉండొచ్చు, ఇప్పటికీ అక్కడ పోరాడుతూ ఉండొచ్చు. రెండూ నిజమే. నాలుగో భాగం రాసేవాళ్ళు ఆమె పేరు ఎత్తకపోయినా నాకు బాధ లేదు. అమ్మకం కోసం ఒక రాత్రి ఆమెని ఏ ఊరి చివరో శత్రువుగా నిలబెడితే మాత్రం, ఆ రేవు దగ్గర కూర్చున్న ఇద్దరిలో నేనూ ఒకదాన్నని వాళ్ళకి ఎవరైనా చెప్పాలి.