అన్నిటికంటె కష్టమైన క్రీడ ఏది? - ఒక పట్టికపై విమర్శ

శరీరమునకు అన్నిటికంటె ఎక్కువ శ్రమ కలిగించే క్రీడ ఏది? విద్యార్థుల మధ్య తరచుగా వాదనకు వచ్చే ప్రశ్న ఇది. ఫుట్‌బాల్ ఆడేవారు తొంబది నిమిషాల పరుగును చూపుతారు. చెడుగుడు ఆడేవారు ఒక్క ఊపిరిలో కూత పెట్టి ఏడుగురి నడుమ నుండి తప్పించుకొని రావడమును చూపుతారు. కుస్తీ పట్టేవారు తమ పట్టును చూపుతారు. ప్రతివారి మాటలోను కొంత నిజము కలదు. అయినను వాదన తెగదు. ఎందువలననగా, తాము దేనిని కొలుస్తున్నారో ఎవరూ ముందుగా చెప్పుకొనరు.

ఈ వాదనను అంకెలతో తేల్చడానికి 2004లో అమెరికాలో ఒక ప్రయత్నము జరిగింది. ఇ.ఎస్.పి.ఎన్. అనే క్రీడాప్రసార సంస్థ 60 క్రీడలతో ఒక పట్టికను తయారుచేసింది. క్రీడాశాస్త్రము తెలిసినవారు, పాత్రికేయులు మొదలైనవారు కలిసి 8 మంది నిర్ణేతలు. వారు ప్రతి క్రీడకు పది గుణములలో మార్కులు వేశారు. దమ్ము, బలము, సామర్థ్యము, వేగము, చురుకుదనము, ఒంటిని వంచగల నేర్పు, గుండెనిబ్బరము, దెబ్బలకు తాళుకొనే శక్తి, కంటికి చేతికి గల పొందిక, ఆలోచన - ఇవి ఆ పది గుణములు. ఒక్కొక్క గుణమునకు పది మార్కులు. నిర్ణేతల మార్కుల సగటులను కూడగా నూటికి 72.375 మార్కులతో ముష్టియుద్ధము, అనగా బాక్సింగ్, మొదటి స్థానము పొందింది. మంచుపై ఆడే హాకీకి 71.75 మార్కులతో రెండవ స్థానము దక్కింది. చేపలు పట్టుట చిట్టచివర నిలిచింది. ఈ పట్టిక నేటికీ ప్రమాణముగా ఉదహరింపబడుతున్నది. కనుక దానిని పరిశీలించుట అవసరము.

మొదట దాని మంచిని చెప్పవలెను. కష్టము ఒకే వస్తువు కాదనీ, దానిని భాగములుగా విడదీసి చూడవలెననీ ఈ పట్టిక గుర్తించింది. వీధి వాదనకంటె ఇది ఒక మెట్టు పైన ఉన్నది. ముష్టియుద్ధమును పైన నిలపడము కూడ నవ్వదగిన విషయము కాదు. మూడేసి నిమిషాల చొప్పున పన్నెండు రౌండ్లు దెబ్బలు కొడుతూ, కాచుకొంటూ, తింటూ నిలవడము అసాధారణమైన పనియే. లోపమున్నది నిర్ణయములో కంటె నిర్ణయించిన పద్ధతిలో.

మొదటి లోపము కొలతకు సంబంధించినది. 72.375 అని మూడు దశాంశ స్థానముల వరకు చూడగానే ఏదో సున్నితమైన పరికరముతో కొలిచినట్లు తోస్తుంది. నిజానికి ఆ దశాంశములు ఎనిమిదితో భాగించుట వలన పుట్టినవి. 72.375 అనగా 579ని 8తో భాగించగా వచ్చిన ఫలము. 71.75 అనగా 574ని 8తో భాగించగా వచ్చినది. ప్రతి నిర్ణేత పూర్ణాంకములే వేశాడనుకొంటే, మొదటి క్రీడకు రెండవ క్రీడకు మధ్య తేడా 800 మార్కులలో 5 మార్కులు మాత్రమే. ఎనిమిది మంది పదేసి గుణములకు వేసిన 80 అంకెలలో ఒక అరడజను అంకెలు ఒక్కొక్క మార్కు అటునుండి ఇటు మారితే కిరీటము చేతులు మారిపోతుంది. ఇది అభిప్రాయముల సగటు, కొలత కాదు.

రెండవ లోపము కూడికలో ఉన్నది. మూడు కిలోగ్రాములకు ఐదు మీటర్లను కూడరాదని ఆరవ తరగతి విద్యార్థికి కూడ తెలుసును. ఇక్కడ దమ్మును, గుండెనిబ్బరమును, కంటి చేతుల పొందికను ఒకే రాశిగా పోశారు. పైగా అన్ని గుణములకు సమానమైన విలువ ఇచ్చారు. ఆ విలువ మారితే ఏమగునో చిన్న లెక్కతో చూడవచ్చును. ఒక క్రీడకు దమ్ములో 9, బలములో 4, పొందికలో 2 మార్కులు వచ్చినవనుకొందము. మొత్తము 15. ఇంకొక క్రీడకు వరుసగా 5, 5, 6 వచ్చినవి. మొత్తము 16. రెండవది ముందున్నది. దమ్ముకు రెట్టింపు విలువ ఇచ్చి చూస్తే మొదటిదానికి 24, రెండవదానికి 21 అవుతుంది. ఆటలు మారలేదు, ఆటగాళ్ళు మారలేదు. వరుస మాత్రము తలక్రిందులైనది.

ఈ పట్టికలో ఇంకొక చిక్కు కూడ కలదు. బలమును వేగముతో గుణిస్తే సామర్థ్యము వస్తుందని భౌతికశాస్త్రము చెబుతుంది. బలమునకు ఒకసారి, వేగమునకు ఒకసారి, సామర్థ్యమునకు మరొకసారి మార్కులు వేయడమనగా ఒకే సరుకును మూడుసార్లు తూచడము వంటిది. గుండెకు, ఊపిరితిత్తులకు సంబంధించిన దమ్ముకు దక్కినది పదింట ఒక్క భాగమే. అందువలననే మంచుమీద కర్రపలకలు తొడుగుకొని మైళ్ళకొద్దీ సాగే నార్డిక్ స్కీయింగ్ ముప్పది స్థానముల లోపల లేదు. దూరపు పరుగు ఇంకను దిగువకు పోయింది. బేస్‌బాల్ మాత్రము మొదటి పదింటిలో చేరింది.

కొలిచి చూస్తే ఏమి తెలుస్తుంది? విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరపు బరువులో ప్రతి కిలోగ్రాముకు నిమిషమునకు సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను వినియోగిస్తాడని లెక్క. కష్టపడే కొలది ఈ వినియోగము పెరిగి, ఒక హద్దు వద్ద ఆగిపోతుంది. ఈ హద్దును గురించిన భావనను 1920ల దశకములో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఎ.వి. హిల్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. శిక్షణ లేని ఆరోగ్యవంతుడైన యువకునికి ఈ హద్దు 40, 45 మిల్లీలీటర్ల దరిదాపుల ఉంటుంది. అగ్రశ్రేణి నార్డిక్ స్కీయింగ్ వీరులకు 80 దాటుతుంది. అభిప్రాయముల పట్టికలో వెనుకబడినవారు ఈ కొలతలో మానవులందరిలో మొదటి వరుసలో నిలుస్తారు.

అయితే ఆక్సిజన్ కొలతయే తుది తీర్పు అనరాదు. 2011లో ప్రచురితమైన ఒక శక్తివ్యయ సంకలనములో విశ్రాంతి వ్యయమును 1గా తీసుకొని, గోదాలో ముష్టియుద్ధమునకు 12.8, ఫుట్‌బాల్ పోటీకి 10, క్రికెట్‌కు 4.8 అని ఇచ్చారు. గంటకు పది మైళ్ళ పరుగుకు 14.5. క్రికెట్ తేలికైన ఆట అని దీనివలన తోచవచ్చును. కాని ఇది ఎక్కువసేపు నిలబడి ఉండే ఫీల్డరును కూడ కలుపుకొన్న సగటు. వేగముగా బంతి విసిరే బౌలరు ముందుపాదము నేలను తాకిన క్షణములో అతని శరీరపు బరువుకు ఐదు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, బలము ఆ కాలిపై పనిచేస్తుంది. నడుమువద్ద వెన్నుపూసలు చిట్లడము అటువంటి బౌలర్లలో తరచుగా కనబడే గాయము. ఆక్సిజన్ లెక్కలో ఈ కష్టము కనబడదు.

కాలమును బట్టి కూడ సమాధానము మారుతుంది. బరువులెత్తేవాని పని కొద్ది సెకన్లలో ముగుస్తుంది. అతనికి కండరములలో నిలువ ఉన్న శక్తియే ఆధారము. 1984లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెములో కొందరు పోటీదారుల శక్తివ్యయమును కొలువగా, విశ్రాంతి వ్యయమునకు నాలుగైదు రెట్లు ఉన్నట్లు తేలింది. అది సుమారు మూడు వారములు సాగే పందెము. నెలల తరబడి సాగే శ్రమలో మానవ శరీరము సుమారు రెండున్నర రెట్లకు మించి నిలుపుకొనలేదని 2019లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. సెకనుకు, గంటకు, నెలకు కష్టమైన క్రీడలు వేర్వేరు.

పట్టికలో చేరని కష్టములు కూడ ఉన్నవి. కబడ్డీ, ఖోఖో, క్రికెట్ ఆ 60 క్రీడలలోనే లేవు. ఊపిరి తీయకుండ కూత పెడుతూ పోరాడే శక్తికి ఆ పది గుణములలో తగిన గడి లేదు. ఇంతకంటె ముఖ్యమైనది, పోటీకి ముందు పడే బాధ. బరువును బట్టి తరగతులు ఏర్పరచిన కుస్తీ వంటి క్రీడలలో తక్కువ తరగతిలో చేరడానికి నీరు మానివేసి, చెమట పట్టించి బరువు తగ్గించుకొనే అలవాటు కలదు. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ విద్యార్థులు, సుమారు ఒక నెల వ్యవధిలో, ఈ విధముగా బరువు తగ్గించుకొంటూ మరణించారు. "ఎంత కష్టమైతే అంత గొప్ప" అనే భావము ఎంతవరకు పోగలదో దీనివలన తెలుస్తుంది. అంతర్జాలములో పట్టిక చూచి, ఎక్కువ మార్కుల క్రీడను గొప్పదనీ, తక్కువ మార్కుల క్రీడను సోమరిదనీ బాలబాలికలు అనుకొనడము అందువలన ఉపేక్షింపదగినది కాదు.

కనుక ప్రశ్ననే మార్చుకొనవలెను. ఏ అవయవమునకు కష్టము? ఎంతసేపు? ఎవరికి? ఈ మూడింటిలో చివరిదానిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. జ్వరము, ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారిని మినహాయించి, కొందరు విద్యార్థులను నీడపట్టున ఒకే మెట్టును ఒకే తాళమునకు మూడు నిమిషాలు ఎక్కి దిగమనవలెను. వెంటనే 15 సెకన్లపాటు నాడిని లెక్కించి 4తో గుణించవలెను. మెట్టు ఒకటే, తాళము ఒకటే అయినను నాడి ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా ఉంటుంది. ఒకనికి ఆటవిడుపు వంటి పని ఇంకొకనికి అతని హద్దుకు చేరువైన పని కావచ్చును. రెండు నెలల క్రమమైన వ్యాయామము తరువాత అదే పరీక్ష చేస్తే చాలమందిలో ఆ అంకె తగ్గుతుంది. మైదానములో చివరగా వచ్చిన బాలుడు ముందు వచ్చినవానికంటె ఎక్కువ శ్రమపడి ఉండవచ్చునని గ్రహించుటకు ఉపాధ్యాయునికి ఒక గడియారము చాలును.