నిలువును వెతికే చేతులు

మా పడమటి కర్నూలులో పడవంటే తుంగభద్ర మీద తిరిగే పుట్టి. వెదురుతో గుండ్రంగా అల్లుతారు. దానికి కొయ్యా లేదు, చాపా లేదు. అందుకే చిప్పగిరి నల్లరేగడి చేల మధ్య పెరిగిన నాబోటి వాళ్ళకు నిటారుగా నిలబెట్టడమంటే గుడిముందు ధ్వజస్తంభమే గుర్తొస్తుంది. ప్రతిష్ఠ రోజున ఊరంతా మోకులు పట్టుకుంటుంది. నాలుగు దిక్కులా మనుషులు, మధ్యలో ఒక పెద్దాయన కేక. ఆ పనిలోని సొగసంతా ఆ గుంపుదే. హుస్సేన్‌సాగర్ గట్టున చిన్న తెరచాప పడవకు ఒక్క మనిషి మాస్ట్, అంటే తెరచాప కొయ్య, ఎత్తడం చూశాక, అదే పనిలో ఇంకో రుచి ఉందని తెలిసింది. అక్కడ కేక వేసేవాళ్ళు లేరు, మోకు అందుకునేవాళ్ళు లేరు. నాలుగు దిక్కుల లెక్కా ఆ ఒక్క ఒంట్లోనే తేలాలి.

నేను చూసింది లేజర్ పడవ. బ్రూస్ కిర్బీ అనే కెనడా రూపకర్త గీసింది, 1971లో బయటికి వచ్చింది. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2019 నుంచి ఐఎల్‌సీఏ అంటున్నారు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఖాళీ పడవ 59 కిలోలు. నన్ను కట్టిపడేసింది మాత్రం దాని మాస్ట్. పెద్ద తెరచాప పడవల్లో మాస్ట్‌ను పక్కల నుంచీ ముందు నుంచీ ఉక్కు తీగలు లాగిపట్టుకుంటాయి. దీనికి ఒక్క తీగ కూడా లేదు. రెండు గొట్టాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, చాప అంచున కుట్టిన పొడవాటి తొడుగును వాటిమీదికి ఎక్కించి, డెక్‌లో ఉన్న ఒక రంధ్రంలోకి దించుతారు. అంతే, నిలబడుతుంది.

దించే ముందు ఆ రంధ్రంలో కాసిని నీళ్ళు పోస్తారు. లోపల ఇసుక ఉంటే కడిగేయాలి, లేకపోతే మాస్ట్ తిరిగినప్పుడల్లా అది అడుగును అరగదీస్తుంది. పోసిన నీటిమట్టం తగ్గిందంటే లోపలెక్కడో బీట ఉన్నట్టు. పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పుతారు. తల పైకెత్తి ఓసారి చూస్తారు. పైన కరెంటు తీగలుంటే ఆ గట్టున మాస్ట్ జోలికే పోకూడదు. అల్యూమినియం గొట్టం తీగకు తగిలితే ప్రాణం పోతుంది.

ఇక ఎత్తడం. మాస్ట్ ఆరు మీటర్లకు మించి ఉంటుంది. కిలోల్లో చూస్తే పెద్ద బరువేం కాదు, కష్టమంతా పొడవుతోనే. మొదలును నేలకు ఆనించి, చేతులు మార్చుకుంటూ, గోడవారన నిచ్చెన లేపినట్టు కింద నడిచి వస్తారు. పడుకుని ఉన్నప్పుడు మొండికేస్తుంది. సగం లేచేసరికి మెత్తబడుతుంది. నిలువుకు చేరగానే ఆ భారం ఏమైందో తెలియదు. అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. చాప అప్పటికే తొడుక్కుని ఉంది కాబట్టి గాలి దాన్ని పటపటా కొట్టిస్తుంది, కొస ఊగుతుంది. చూపు కొస మీద ఉండాలి, పాదం పడవ పక్కకు చేరాలి, మొదలు రంధ్రాన్ని వెతుక్కోవాలి. కొత్తవాళ్ళు కిందికి చూస్తారు, ఆ క్షణంలోనే కొస ఒరుగుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు చెంపను గొట్టానికి ఆనించి పైకే చూస్తారు. ఒంపు ఎటో చెంపకు తెలుస్తుంది, చేతులు దాన్ని సరిచేస్తాయి. మొదలు రంధ్రం అంచును తడుముతుంది, జారుతుంది, ఠక్కున అడుగుకు తాకుతుంది. నాట్యంలో కాలు తాళం మీద పడితే కలిగే తృప్తి నాకు ఆ చప్పుడులో దొరికింది. ఆ వెంటనే మాస్ట్‌ను తాడుతో డెక్‌కు కట్టేస్తారు, పడవ తలకిందులైనా ఊడిపోకుండా.

గట్టు మీంచి చూస్తే నీటి మధ్య బుద్ధుడు కనిపిస్తాడు. 1990 మార్చిలో ఆ ఏకశిలను తరలిస్తుండగా పంటు ఒరిగి విగ్రహం మునిగింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబర్‌లో గానీ అది నిలబడలేదు. నిలబెట్టడానికీ ఒరగడానికీ మధ్య దూరం ఎంత తక్కువో ఆ సాగర్‌కు తెలుసు.

ఒంటి మనిషి మోయలేనంత పెద్ద మాస్ట్‌ల సంగతి వేరు. వాటికి మొదలు దగ్గర మడతబందు ఉంటుంది. పడుకున్న మాస్ట్‌ను ముందువైపు తాడుతో నేరుగా లాగితే లేవదు, ఆ లాగుడంతా మొదలు మీదికే పోతుంది. అందుకే మొదలు దగ్గర ఒక చిన్న కర్రను నిట్టనిలువుగా నిలిపి, తాడును దాని కొస మీదుగా లాగుతారు. తాడుకు కోణం దొరికిందా, ఒక్కరే లేపగలరు. ఇంగ్లండులోని నార్‌ఫోక్ వెర్రీ పడవలవాళ్ళు ఇంకా అందమైన ఉపాయం పట్టారు. మాస్ట్ మొదలుకు టన్నుకు మించిన సీసం కట్టి తూకం కుదిర్చారు. పడవ సాగుతుండగానే వంతెన ముందు మాస్ట్ వాల్చి, కమాను కింద దూరి, అవతల మళ్ళీ లేపేవాళ్ళు. పడవకు మహా అయితే ఇద్దరు. వందల కిలోల మాను పిల్లవాడి చేతికి కూడా మాట వింటుందంటే అది తూకం చలవే.

ఎత్తడాన్ని అందరూ మెచ్చుకుంటారు. నన్నడిగితే దించడమే పెద్ద విద్య. ఎత్తేటప్పుడు బరువు తగ్గుతూ పోతుంది, దించేటప్పుడు పెరుగుతూ వస్తుంది. అదీ చేతులు అలిసిపోయి, చాప తడిసి ఉన్న వేళ. ముందు కట్టు విప్పి, మాస్ట్‌ను నిట్టనిలువుగానే పైకి లాగాలి. ఇసుక పట్టి బిగుసుకుందని పక్కకు వంచారా, ఆ పొడవంతా గునపంలా పనిచేసి డెక్ పగులుతుంది. ఓపిగ్గా అటూ ఇటూ మెలితిప్పుతూ లాగాలి. బయటికి వచ్చాక కొసను గాలివాలుకు అప్పగిస్తూ, ఒక్కో చెయ్యీ పైకి జరుపుకుంటూ వెనక్కి నడవాలి. పడిపోవడానికి సిద్ధంగా ఉన్నదాన్ని పడనీయకుండా, ఒక్కో అంగుళం చొప్పున పడుకోబెట్టడం అది. ఆ నిదానంలో ఉన్న గాంభీర్యం ఎత్తడంలో లేదు.

జులైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగేటప్పుడు చాలామంది నీటి మీది పోటీనే చూసి వెళ్ళిపోతారు. పడవలు ఒడ్డుకు చేరాక ఇంకాసేపు ఆగండి. మాస్ట్‌లు ఒక్కొక్కటే దిగేది అప్పుడే.